గుర్రం మీద పొజిషన్ కుదరడానికి ఏ పరికరాలు కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: ఆఫీసు ఉద్యోగం, వారాంతాల్లో హైదరాబాద్ శివార్లలో స్వారీ క్లాసులు. ట్రాట్ (నడక కన్నా వేగమైన పరుగు) ఒక మోస్తరుగా వచ్చింది, క్యాంటర్ (అంతకన్నా వేగమైన దౌడు) ఇప్పుడే మొదలైంది. కోచ్ ప్రతి రౌండులోనూ "మడమ కిందికి, చేతులు కదలనివ్వొద్దు, చూపు పైకి" అని అరుస్తున్నారు. ఒకటి సరిచేసుకుంటే ఇంకోటి పోతోంది. అందుకని ఆన్‌లైన్‌లో నాలుగు వస్తువులు చూసి పెట్టుకున్నారు: భుజాలు వెనక్కి లాగే బెల్టు, రికాబును (పాదం పెట్టే ఇనుప వలయం) గర్త్‌కు (జీను నిలవడానికి గుర్రం పొట్ట చుట్టూ బిగించే పట్టీ) కట్టే ఎలాస్టిక్, లూపులు కుట్టిన పగ్గాలు, సీటంతా సిలికాన్ ఉన్న బ్రీచెస్ (స్వారీ ప్యాంటు). ఏది ముందు కొనాలి?

ఎలాస్టిక్ అసలు కొనొద్దు. భుజాల బెల్టు మీకు పనికొస్తుందని నేననుకోను. లూపుల పగ్గాలు చేసే పని ఇన్సులేషన్ టేపు చేస్తుంది. బ్రీచెస్ సంగతి కొన్నాళ్లు ఆగి చూద్దురుగాని. మీ లిస్టులో లేనిది ఒకటుంది, గుర్రం మెడకు కట్టే మెడపట్టీ. దాన్ని వచ్చే క్లాసు నుంచే వాడండి. బహుశా కొనే పని కూడా ఉండదు.

ఎందుకో చెబుతాను. పొజిషన్ పేరుతో అమ్మే వస్తువులు చూడ్డానికి వంద రకాలు, పనిలో మాత్రం రెండే రకాలు. ఒక రకం మీ ఒంటిని పట్టుకుని ఒక చోట ఉంచుతుంది. ఇంకో రకం, మీరు ఆ చోటు నుంచి జరిగారని మీకు తెలియజేసి ఊరుకుంటుంది. మొదటి రకం వేసుకున్నంత సేపూ ఫొటోలు బాగానే వస్తాయి, తీసేస్తే మళ్లీ మొదటికే. ఎందుకంటే ఆ పని చేసింది పట్టీ, మీ కండరాలు కాదు. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. స్వారీ నేర్చుకునేవాళ్లు ఎప్పుడో ఒకసారి పడతారు. పడేటప్పుడు గుర్రం నుంచి పూర్తిగా విడిపోవాలి. పట్టి ఉంచే వస్తువుకు ఆ సమయంలో వదలడం తెలియదు.

అయితే ఏది కొనాలన్నా ముందు చూడాల్సింది జీను, రికాబులు. మీ కోచ్ అరుస్తున్న తప్పుల్లో కొన్ని అసలు మీవి కాకపోవచ్చు.

గుర్రాన్ని చదునైన నేల మీద నిలబెట్టి, జీను వేసి గర్త్ బిగించాక, సీటు మీద ఒక గుండ్రటి పెన్ను అడ్డంగా పెట్టండి. అది దొర్లి ఎక్కడ ఆగితే అదే జీనులో అన్నిటికన్నా లోతైన చోటు. సీటు మధ్యలో ఆగాలి. వెనక అంచు వైపు పోయి ఆగిందంటే ఆ జీను మిమ్మల్ని ప్రతి అడుగుకూ వెనక్కి జారుస్తుంది. మీరు వెనక్కి జారితే కాళ్లు ముందుకు పోతాయి, ఒళ్లు నిలబెట్టుకోవడానికి చేతులు పగ్గాలను లాగుతాయి. బయటి నుంచి చూసే కోచ్‌కు కనిపించేది "కాలు ముందుకు పోయింది, చేయి కదిలింది" అని మాత్రమే. క్లబ్బుల్లో ఒకే జీనును నాలుగు గుర్రాలకు వేయడం మామూలే. జీను ఆ గుర్రానికి ఇరుకైతే ముందు భాగం పైకి లేచి మిమ్మల్ని వెనక్కి నెడుతుంది. వెడల్పైతే ముందుకు కుంగి మిమ్మల్ని మెడ మీదికి తోస్తుంది. మలక్‌పేట రేసుల్లో పరుగు ముగించి క్లబ్బులకు వచ్చిన థరోబ్రెడ్ (రేసు జాతి) గుర్రాలకు భుజాల మధ్య ఎముక ఎత్తుగా ఉంటుంది కాబట్టి వాటితో ఈ బాధ ఎక్కువ. దుప్పట్లు మడత పెట్టి జీను కింద దోపితే లెవెల్ అయినట్టు కనిపిస్తుంది కానీ బరువంతా ఒక చోట పడి గుర్రానికి నడుం నొప్పి వస్తుంది. కోచ్‌ను అడిగి ఇంకో జీను వేయించుకోవడమే దారి.

తర్వాత రికాబు తోలు పట్టీలు. రెండూ జీను నుంచి ఊడదీసి, ఒకే మేకుకు పక్కపక్కన వేలాడదీయండి. కొత్తవి కాకపోతే ఎడమది పొడవు ఉండే అవకాశం ఎక్కువ, ఎందుకంటే అందరూ ఎక్కేది ఎడమ వైపు నుంచే. బరువంతా దాని మీద పడి తోలు సాగుతుంది. రెండు పక్కలా ఐదో రంధ్రమే పెట్టాం కదా అనుకుంటాం, కానీ ఐదో రంధ్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండవు. ఒక తుంటి కిందికి, ఒక భుజం పైకి పోవడానికి అది చాలు. అప్పుడప్పుడు కుడిది ఎడమకు, ఎడమది కుడికి మారుస్తూ ఉంటే సాగడం సమానమవుతుంది. ఈ పని సైస్‌కు (గుర్రాలను చూసుకునే పనివాడు) చెబితే ఒక్క నిమిషంలో చేసేస్తాడు.

పొడవు ఎంత ఉండాలి? ఎక్కకముందు వేళ్ల కొసలు రికాబు తగిలించే ఇనుప కడ్డీ మీద పెట్టి, పట్టీని చేయి వెంట చాపితే రికాబు చంకలోకి రావాలి. ఇది మొదటి అంచనా మాత్రమే. ఎక్కాక కాళ్లు రికాబుల్లోంచి తీసి వేలాడదీస్తే రికాబు అడుగు చీలమండ ఎముకకు తగలాలి. నేర్చుకునేవాళ్లలో ఎక్కువ మంది పొడవు ఎక్కువ పెట్టుకుంటారు, పొడవు కాలు అందంగా కనిపిస్తుందని. అందని రికాబు కోసం కాలి వేళ్లు కిందికి వెతుకుతాయి, మడమ దానంతటదే పైకి లేస్తుంది. అలాంటప్పుడు కోచ్ ఎంత అరిచినా ఉపయోగం లేదు. ఒక రంధ్రం పైకి పెట్టి చూడండి.

ఇప్పుడు మెడపట్టీ. పాత రికాబు తోలు పట్టీ ఒకటి గుర్రం మెడ మొదట్లో చుట్టి బకిల్ పెడితే అదే మెడపట్టీ. లోపల అరచేయి నిలువుగా పట్టేంత వదులు ఉండాలి. గుర్రం తల దించినప్పుడు చెవుల వైపు జారిపోకుండా చిన్న పట్టీతో జీను ముందున్న డి-రింగుకు (డి ఆకారపు ఇనుప కడియం) కట్టాలి. పగ్గాలు మామూలుగానే పట్టుకుని, ఒక్క వేలు మెడపట్టీ కింద దూర్చండి. పిడికిలి బిగించి వేలాడడం కాదు, ఒక్క వేలే.

అది చేసే పని ఏమిటో చూడండి. ట్రాట్‌లో గుర్రం తల దాదాపు కదలదు, మీ ఒళ్లు మాత్రం లేచి కూర్చుంటుంది. అంటే మీరు లేచేటప్పుడు మోచేయి తెరుచుకోవాలి, కూర్చునేటప్పుడు ముడుచుకోవాలి. అప్పుడే చేయి ఉన్నచోట ఉంటుంది. మోచేయి బిగిసి ఉంటే ఒంటితో పాటు చేయీ లేస్తుంది, బిట్ గుర్రం నోట్లో టక్కున తగులుతుంది. పళ్ల వరుసకు మధ్య ఖాళీలో, పల్చటి చిగురు కప్పిన ఎముక మీద కూర్చునే ఇనుప కడ్డీ అది. ప్రతి అడుగుకూ అక్కడ దెబ్బ పడితే గుర్రం ఏం చేస్తుంది? తల ఎగరేస్తుంది, లేదా బిట్ మీద వాలి వేగం పెంచుతుంది. రేసుల నుంచి వచ్చినవి రెండో పనే ఎక్కువ చేస్తాయి, వాటికి ట్రాక్ మీద అలవాటైంది అదే. వేలు మెడపట్టీలో ఉంటే, చేయి పైకి పోబోయిన క్షణంలోనే వేలికి లాగినట్టు తెలుస్తుంది. మీ మోచేయికి పాఠం చెప్పేది ఆ లాగుడే. కోచ్ కేక రెండు అడుగులు ఆలస్యంగా వస్తుంది, పట్టీ అదే అడుగులో చెబుతుంది. వాక్‌లోనూ (మామూలు నడక) క్యాంటర్‌లోనూ గుర్రం తల ఊగుతుంది కాబట్టి అక్కడ చేయి ఆ ఊపు వెంట ముందుకు వెళ్లి రావాలి. చేయి కదలకపోవడం అనేది ట్రాట్‌లో ఒకటి, క్యాంటర్‌లో ఇంకోటి. ఈ తేడా చెప్పకుండా "చేతులు కదలనివ్వొద్దు" అంటే ఎవరికైనా టెన్షనే.

గుర్రం అకస్మాత్తుగా తుళ్లితే పట్టుకోవడానికీ అదే పట్టీ. మెడపట్టీని చిన్నపిల్లల వస్తువు అనుకుని సిగ్గుపడేవాళ్లు ఉంటారు. ఎత్తైన జంపులు చేసే అంతర్జాతీయ ఈవెంటింగ్ (మూడు విభాగాల స్వారీ పోటీ) రైడర్ల గుర్రాల మెడకు కూడా అది కనిపిస్తుంది, అందులో ఆరుబయట అడ్డంకులు దూకే క్రాస్ కంట్రీ విభాగం వీడియోలు చూడండి.

మెడపట్టీతో కలిపి చేసే ఒక కసరత్తు ఉంది. మీరు అడగలేదు కానీ మీ మడమ సమస్యకు మందు ఇదే. రైజింగ్ ట్రాట్‌లో మామూలుగా ఒకటి లేవడం, ఒకటి కూర్చోవడం కదా. దాన్ని మార్చి రెండు అడుగులు నిలబడి ఉండండి, మూడో అడుగుకు కూర్చోండి: పైకి, పైకి, కిందికి. కాలు సరిగ్గా తుంటి కింద ఉంటే రెండో "పైకి" సులువుగా నిలుస్తుంది. కాలు ముందుకు పోయి ఉంటే వెంటనే వెనక్కి కూలబడతారు. మీ పొజిషన్ ఎలా ఉందో ఎవరూ చెప్పనక్కర్లేకుండా తెలిసిపోతుంది. మొదట్లో వేలు పట్టీలో ఉంచే చేయండి, కూలబడినా నోరు దెబ్బతినకుండా.

మడమ గురించి ఇంకో మాట. మడమ కిందికి వెళ్లడం ఫలితం, దాన్ని తొక్కి సాధించేది కాదు. బరువు తుంటి నుంచి మోకాలికి, అక్కడి నుంచి చీలమండకు అడ్డం లేకుండా దిగితే మడమ దానంతటదే దిగుతుంది. రికాబును ముందుకు తన్ని మడమ కిందికి నొక్కితే చీలమండ బిగుసుకుంటుంది, కాలు ముందుకు పోతుంది, మీరు కుర్చీలో కూర్చున్నట్టవుతారు. రికాబులే లేని కాలంలో, క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో, జెనోఫోన్ అనే గ్రీకు సేనాని స్వారీ గురించి రాస్తూ కుర్చీలో కూర్చున్నట్టు కాకుండా కాళ్లు ఎడం చేసి నిటారుగా నిలబడ్డట్టు ఉండాలన్నాడు. పక్క నుంచి చూస్తే చెవి, భుజం, తుంటి, మడమ ఒకే నిలువు గీత మీద ఉండాలని ఇప్పుడు కోచ్‌లు చెప్పేదీ అదే.

ఇక్కడే రికాబును గర్త్‌కు కట్టే ఎలాస్టిక్ గురించి చెప్పాలి. అది కాలు ముందుకు పోకుండా ఆపుతుంది, నిజమే. కానీ మీరు పడినప్పుడు రికాబు గర్త్‌ను అంటిపెట్టుకుని, పాదం అందులో ఇరుక్కుంటే గుర్రం మిమ్మల్ని ఈడ్చుకుపోతుంది. స్వారీలో అన్నిటికన్నా భయపడాల్సింది పడడం కాదు, ఈడ్చుకుపోవడం. ఆ డబ్బు సేఫ్టీ రికాబుల మీద పెట్టండి. బయటి వైపు ఇనుముకు బదులు రబ్బరు రింగు ఉండే పాత మోడల్ కూడా చాలు, ఒత్తిడి పడితే రింగు ఊడి పాదం బయటికి వస్తుంది. రికాబు వెడల్పు మీ బూటుకు రెండు పక్కలా ఒక్కో సెంటీమీటరు ఎక్కువుండాలి. జీను మీద రికాబు పట్టీ తగిలించే కడ్డీకి చివర మడత ముక్క ఒకటి ఉంటుంది. స్వారీ చేసేటప్పుడు అది పైకి మూసి ఉండకూడదు, తెరిచే ఉండాలి, పట్టీ జారి ఊడిపోవడానికి. స్పోర్ట్స్ షూ వేసుకుని ఎక్కుతుంటే ఈ రోజే మానేయండి. చిన్న హీల్ ఉన్న బూటు లేకపోతే పాదం రికాబులోంచి అవతలికి దూరిపోతుంది. హెల్మెట్ కూడా స్వారీ కోసం తయారైనదే, మీ తలకు సరిపోయినదే ఉండాలి. సైకిల్ హెల్మెట్ తల వెనక భాగాన్ని సరిగా కప్పదు.

భుజాల బెల్టు దగ్గరికి వద్దాం. మీ భుజాలు ముందుకు వంగుతున్నాయంటే కారణం సాధారణంగా భుజాల్లో ఉండదు. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు తొడ ముందు, తుంటి దగ్గరి కండరాలు పొట్టిబడి ఉంటాయి. గుర్రం మీద కాలు కిందికి చాచబోతే ఆ కండరాలు నడుమును లాగుతాయి. కొందరి నడుం గుండ్రంగా వెనక్కి ముడుచుకుంటుంది, కొందరిది ముందుకు విరుచుకుంటుంది. దాని మీద కూర్చున్న భుజాలు దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. బెల్టుతో భుజాలను మాత్రం వెనక్కి గుంజితే నడుం ఇంకా విరుచుకుని, సిట్టింగ్ ట్రాట్‌లో (లేవకుండా కూర్చునే చేసే ట్రాట్) ఎగిరెగిరి పడతారు, ఇంటికొచ్చాక నడుం నొప్పి. గుర్తు చేసేది ఏదైనా కావాలనుకుంటే, నిటారుగా నిలబడి రెండు భుజం రెక్కల మధ్య స్పోర్ట్స్ టేపు అడ్డంగా ఒకటి అంటించుకోండి. వంగినప్పుడల్లా చర్మం లాగుతుంది, అంతకు మించి ఏమీ చేయదు. మనకు కావల్సిందీ అంతే. ఇంట్లో రోజూ ఒక మోకాలు నేల మీద పెట్టి తుంటిని ముందుకు సాగదీసే స్ట్రెచ్ చేయండి. బెల్టు కన్నా అది వంద రెట్లు నయం.

చూపు సంగతి దీనితోనే ముడిపడి ఉంది. తల బరువైనది. కిందికి చూస్తే పై ఒళ్లంతా దాని వెంట పోతుంది. ఎరీనా కంచె మీద నాలుగు చోట్ల రంగు గుడ్డలు కట్టి, వాటిని వరుసగా చూస్తూ తిరగండి. కోచ్ ఒకచోట నిలబడి వేళ్లు చూపిస్తుంటే ఎన్ని వేళ్లో చెప్పడం కూడా మంచి ఆటే.

పగ్గాలకు లూపుల వల్ల పొడవు గుర్తుంటుంది, అంతవరకు మంచిదే. వేళ్లు లూపుల్లోకి దూర్చే అలవాటైతే గుర్రం లాగినప్పుడు చేయి విడిపించుకోలేరు. వేళ్ల బలం తక్కువున్నవాళ్లకు, కోచ్ పక్కనే ఉండి వాడించే సందర్భాలు వేరు. మీకు ఎరుపు, పసుపు ఇన్సులేషన్ టేపు చాలు. బిట్ దగ్గర నుంచి రెండు పగ్గాలనూ కొలిచి, రెండింటికీ ఒకే దూరాల్లో ఎరుపు ఒక చుట్టు, పసుపు ఒక చుట్టు వేయండి. చేయి ఎరుపు దాటి వెనక్కి జారిందా, ఒక చేయి ఎరుపు మీద ఇంకో చేయి పసుపు మీద ఉందా, ఒక్క చూపులో తెలుస్తుంది. చేతులు ఒకటి పైకి ఒకటి కిందికి పోతుంటే, సన్నటి కర్ర ఒకటి రెండు బొటనవేళ్ల కింద అడ్డంగా పట్టుకుని వాక్‌లో రెండు రౌండ్లు తిరగండి. కర్ర వాలితే మీకే కనిపిస్తుంది. గుర్రం తడబడితే కర్ర వదిలేయాలి, కాబట్టి ఇది వాక్‌లోనే.

సిలికాన్ బ్రీచెస్ చెడ్డవి కావు. కానీ మీరు ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంటే ఆ ఒరుగుడులోనే అతుక్కుపోతారు, సర్దుకోవడానికి కూడా జారనివ్వదు. పైగా మన ఏప్రిల్, మే ఎండల్లో దానితో తొడల చర్మం ఒరుసుకుపోతుంది. నడుం గుర్రం వెంట కదలడం వచ్చాక తీసుకోండి. అయస్కాంతం రికాబులు, ఖరీదైన సీటు కవర్ల గురించి కూడా ఇదే మాట.

అన్నిటికన్నా మేలు చేసేది వస్తువు కాదు, లాంజింగ్ క్లాసు. కోచ్ మధ్యలో నిలబడి పొడవాటి తాడుతో గుర్రాన్ని గుండ్రంగా తిప్పుతారు. వేగం, దిక్కు ఆయన బాధ్యత, మీకు మీ ఒంటిని చూసుకోవడం ఒక్కటే పని. వియన్నాలోని స్పానిష్ రైడింగ్ స్కూల్లో కొత్తవాళ్లను నెలల తరబడి ఇలా పగ్గాలూ రికాబులూ లేకుండా కూర్చోబెట్టాకే ముందుకు పంపుతారు. మన క్లబ్బుల్లో నేర్పేవాళ్లలో అశ్విక దళం నుంచి రిటైరైన రిసాల్దార్లు చాలామంది, వాళ్లకు ఈ పని కొట్టిన పిండి. అడగరు కాబట్టి చేయించరు. అడగండి. రికాబులు తీసి మెడ మీద అడ్డంగా వేసేటప్పుడు పట్టీల బకిళ్లు కాస్త కిందికి లాగి వేయండి, లేకపోతే తొడ కింద గడ్డలా గుచ్చుకుంటాయి. జీను ముందు డి-రింగులకు కట్టే చిన్న పట్టీ ఒకటి ఉంటే, సిట్టింగ్ ట్రాట్‌లో దాన్ని రెండు వేళ్లతో పైకి లాగండి. అది మిమ్మల్ని జీను లోతులోకి దించుతుంది. ఒక వైపు పది నిమిషాలు, ఇంకో వైపు పది నిమిషాలు చాలు. గుండ్రంగా తిరగడం గుర్రం కీళ్లకు భారం. మీరు అలిసిపోతే మోకాళ్లతో పట్టడం మొదలుపెడతారు, మోకాలు బిగిస్తే సీటు పైకి తేలుతుంది, ఆ తర్వాత నేర్చుకునేదంతా తప్పే.

2023 హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన జట్టు డ్రెసాజ్‌లో (గుర్రం కదలికల నేర్పును చూసే పోటీ) స్వర్ణం గెలిచిన రైడ్ల వీడియోలు దొరికితే, గుర్రాన్ని వదిలేసి రైడర్ బెల్టు దగ్గర మాత్రమే చూడండి. కదలకుండా కూర్చున్నట్టు కనిపిస్తారు కానీ నడుం ప్రతి అడుగుకూ ముందుకూ వెనక్కీ కదులుతూనే ఉంటుంది. నెత్తిన బిందెతో నడిచే మనిషిలా, కింద కదలిక ఉంటేనే పైన నిలకడ.

ఫోన్ వీడియో మాత్రం తప్పకుండా వాడండి. పక్క నుంచి తీసేటప్పుడు ఫోన్ జీను ఎత్తులో ఉండాలి, కింద నుంచి తీస్తే కాలు ఉన్నది ఉన్నట్టు కనిపించదు. వెనక నుంచి తీసేటప్పుడు ముదురు టీషర్టు మీద వెన్ను పొడవునా తెల్ల టేపు, నడుముకు లేత రంగు బెల్టు. టేపు జీను మధ్య గీతతో కలుస్తోందా, బెల్టు నేలకు సమంగా ఉందా అన్నవి ఆపి ఆపి చూడండి. పక్క నుంచి తీసినదాంట్లో రికాబు పట్టీ నిటారుగా వేలాడుతోందా చూడండి. వాలి ఉంటే రికాబును తన్నుతున్నట్టే.

వచ్చే క్లాసులో వరుస ఇలా పెట్టుకోండి: పెన్ను పరీక్ష, రికాబు పట్టీలు, మెడపట్టీ, ఆ తర్వాత పైకి-పైకి-కిందికి. మెడపట్టీ కట్టాలని కోచ్‌కు ముందే చెప్పండి, గుర్రానికి అలవాటు లేకపోతే ఆయనే ఒకసారి వాక్‌లో తిప్పి చూస్తారు. ట్రాట్‌లో పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి వీడియో తీసి ఇక్కడ పెట్టండి. ముఖం కనిపించకపోయినా పర్లేదు, కాళ్లూ జీనూ పూర్తిగా కనిపించాలి. గుర్రం రేసుల నుంచి వచ్చిందా, రికాబు ఎన్నో రంధ్రంలో పెట్టారో కూడా రాయండి, చూసి చెబుతాను.